పరాయి గొంతు

ఉడత చేసే పని నలుగురికీ చెప్పుకోవడానికి గొప్పగానే ఉంటుంది. మెదడు మీద పరిశోధనలు జరిగే చోట ఉద్యోగం. తీరా దగ్గరికెళ్ళి చూస్తే రోజంతా ఆమె చేసేది తలలు కడగడం. ప్రయోగానికి వచ్చినవాళ్ళ నెత్తిన ఈతకొట్టేవాళ్ళు పెట్టుకునేలాంటి బిగుతు టోపీ తొడగాలి. దాని నిండా చిన్న చిన్న రంధ్రాలు, ఒక్కో రంధ్రంలో ఒక తీగ. మొన లేని సూదితో ఒక్కో రంధ్రంలోకి జెల్ ఎక్కించి, జుట్టు పక్కకు తోసి, తీగ మాడును తాకేదాకా ఓపిగ్గా తిప్పాలి. అప్పుడు మెదడులో పుట్టే సన్నని కరెంటు తెర మీద గీతలుగా పాకుతుంది. ప్రయోగం అయ్యాక మనిషిని వాష్‌బేసిన్ దగ్గర తల వంచించి, గోరువెచ్చని నీళ్ళతో ఆ జెల్ అంతా వదిలేలా కడిగి పంపాలి. చెవుల వెనక అది మొండిగా అంటుకుని ఉంటుంది. అక్కడ రెండోసారి రుద్దాలి.

అందుకే ఆ భవనంలో ఆమెను అందరూ తలంట్లమ్మ అంటారు. ఉడత అన్నది ఇంట్లో ముద్దుపేరు. చిన్నప్పుడు ఒక్కచోట కుదురుగా ఉండక, దొరికిందల్లా తెచ్చి మూలల్లో దాచుకుంటుంటే తల్లి పెట్టిన పేరు. బడిపేరు వేరే ఉంది. అది వీధికి ఇద్దరు ఆడపిల్లలకైనా ఉండే పేరే.

"ఎమ్మే సైకాలజీ చదివించింది ఇందుకటే?" అనేవాడు నాన్న. ఆయన రిటైరైన బస్ కండక్టరు. "సెలూన్ పెట్టుకున్నా ఈపాటికి రెండు బ్రాంచీలుండేవి."

ఉడత నవ్వి ఊరుకునేది. ఆమెకు కావలసింది ఒక్కటే, పీహెచ్‌డీలో చోటు. ఇంకొకరి ప్రయోగానికి ఇంకొకరి తల కడగడం కాకుండా, తన ప్రశ్న తను అడగాలి. కానీ ఈ చదువులో చోటు దొరకడమంటే మాటలా? ప్రొఫెసర్ దొరికితే నిధులుండవు, నిధులుంటే ఖాళీ ఉండదు, ఖాళీ ఉంటే అది ఎప్పుడో ఎవరికో అనుకున్నదై ఉంటుంది. ముఖం తెలియని ప్రొఫెసర్లకు మెయిళ్ళు రాసీ రాసీ ఆమెకు తల ప్రాణం తోకకు వచ్చింది. సగం మంది జవాబే ఇవ్వరు. మిగతావాళ్ళ జవాబులన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మీ ఆసక్తికి కృతజ్ఞతలు, ఈసారి మీకంటే తగినవారు దొరికారు, భవిష్యత్తు బాగుండాలి. తగినవాళ్ళు ఎక్కడి నుంచి ఊడిపడుతున్నారో ఉడతకు అర్థమయ్యేది కాదు.

అయినా కొన్నిచోట్ల ఇంటర్వ్యూ దాకా వెళ్ళింది. వెళ్ళిన ప్రతిచోటా ఒకటే జరిగేది. ఏదో ఒక తలుపు వెనక నుంచి ఆమెకు అమ్మ గొంతు వినిపించేది. అమ్మ చనిపోయి అప్పటికే చాలాకాలమైంది.

కంగారు పడొద్దు, ఆ గొంతు ఉడతకు ఒక్కదానికే కాదు, అందరికీ వినిపించేది. అది ఎలాగో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

నిద్రలో ఉన్నా, సంత గోలలో ఉన్నా, ఎవరైనా మన పేరు పిలిస్తే మెదడు ఉలిక్కిపడుతుంది. ఆ ఉలికిపాటు తెర మీద గీతలో చిన్న గుట్టలా లేస్తుంది. పిలిచింది సొంతవాళ్ళయితే ఒకలా, పరాయివాళ్ళయితే ఇంకోలా. ఆ తేడా కొలిచే ప్రయోగం ఉడత కొత్తగా చేరిన రోజుల్లో మొదలైంది. సొంతవాళ్ళ గొంతు ఎవరిది వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకుంటారు. పరాయి గొంతు మాత్రం అందరికీ ఒకటే ఉండాలి. స్పష్టంగా ఉండాలి. పేర్లెన్నిటినో తప్పు లేకుండా పలకాలి.

"మా అమ్మ ఉంది," అంది ఉడత, ఉడతాభక్తిగా.

అమ్మ ఒక పళ్ళ డాక్టరు దగ్గర వరస ప్రకారం పేషెంట్లను పిలిచే ఉద్యోగం చేసేది. ఆ వెయిటింగ్ రూములో అమ్మ అందరికీ తలలో నాలుక. పళ్ళు పీకించుకోవడానికి వణికిపోతూ కూర్చున్నవాడు కూడా, ఆమె పేరు పెట్టి పిలిస్తే, వంటింట్లోంచి పిలిచినంత తేలిగ్గా లేచి వెళ్ళిపోయేవాడు.

చిక్కల్లా అక్కడే వచ్చింది. బయటి చప్పుడు దూరకుండా గోడలనిండా నురగ పలకలు అంటించిన చిన్న గదిలో, మైకు ముందు అమ్మ మొదటి పేరు పిలవగానే, అద్దం కిటికీకి ఇవతల కూర్చున్న ఉడత తల పట్టుకుంది. పరాయి గొంతు కావాలంటే అన్నానికి పిలిచినట్టు పిలుస్తోంది.

"అమ్మా, ప్రేమ లేకుండా పిలువు."

"ప్రేమెక్కడుందే? వాళ్ళెవరో కూడా నాకు తెలీదు."

"అదేనమ్మా. తెలీనట్టే పిలువు. గోడని పిలిచినట్టు."

"గోడనెవరైనా పిలుస్తారటే, పిచ్చి మొహమా!"

నవ్వీ నవ్వీ ఇద్దరికీ కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. కానీ ఉడత పట్టిన పట్టు వదల్లేదు. ఆ మధ్యాహ్నమంతా అమ్మకు పాఠం చెప్పింది. చివర సాగదీయకు. మధ్యలో మెత్తబడకు. నవ్వు మొహంతో పిలిస్తే నవ్వు వినపడుతుంది, మొహం కూడా చదునుగా పెట్టు. చివరికి అమ్మకు వచ్చింది. ఒక పేరు పిలిచింది, ఆ గొంతులో ఎవరూ లేరు. ఉడత అద్దానికి ఇవతల చప్పట్లు కొట్టింది.

"నోరు చేదవుతోందే," అంది అమ్మ.

అప్పటి నుంచీ ఒక్కో పేరు పిలిచాక అమ్మ పెదాలు కొంచెం కదిలేవి. తడి చేసుకుంటోంది కాబోలు అనుకుంది ఉడత. కాగితం మీది పేర్లలో ఒకచోట అమ్మ ఆగిపోయింది. అది ఉడత బడిపేరు.

"ఇది నువ్వు కదూ?"

"కాదమ్మా, ఇంకెవరో అమ్మాయి. నేనిందులో లేను."

అమ్మ దాన్నీ చదునుగానే పిలిచింది. అమ్మ నోట ఆ పేరు వినడం ఉడతకు అదే మొదటిసారి. అంతా అయ్యాక, కుర్చీలోంచి లేవబోతూ, "నిన్ను కూడా ఒకసారి పిలవనా? ఇంతమందిని పిలిచాను," అంది అమ్మ.

"నాదెందుకమ్మా. టైమైపోతోంది, పద."

తర్వాత ఉడత ఆ రికార్డింగును కంప్యూటర్‌కు అప్పగించింది. పేరు ఎక్కడ ముగిస్తే అక్కడ అది టక్కున కత్తిరించింది. కత్తిరించి పడేసిన తోకల్లో ఏముందో వినే ఓపిక ఎవరికుంది? ప్రయోగం పూర్తయ్యాక ల్యాబువాళ్ళు ఆ పేర్లన్నిటినీ ఎవరైనా వాడుకోవచ్చని ఇంటర్నెట్‌లో పెట్టేశారు. ఊరికే వస్తే ఎవరు కాదంటారు? ఈ రంగంలో ఎక్కడ పేరు పిలిచే ప్రయోగం జరిగినా పరాయి గొంతు అమ్మదే అయింది. ఆమె ఎన్నడూ చూడని గదుల్లో, ఎన్నడూ చూడని మనుషులను, వాళ్ళ పేర్లతో, ప్రేమ లేకుండా పిలవసాగింది.

ఆ తర్వాతే అమ్మకు మతిమరుపు జబ్బు మొదలైంది. మొదట చెంచాలు పోయాయి, తర్వాత దారులు, తర్వాత మనుషులు. మామూలు కూతురైతే ఏడ్చి ఊరుకునేది. ఈమె చదివిన చదువు ఊరుకోనివ్వలేదు. రోజూ అమ్మ ముందు కూర్చుని అడిగేది. ఇదేం వస్తువు? ఇవాళ ఏం వారం? నేనెవరు?

ఒకరోజు ఉడత వరండాలో బట్టలు ఆరేస్తుంటే లోపలి నుంచి అమ్మ పిలిచింది. బడిపేరుతో. చదునుగా, గోడని పిలిచినట్టు. ఆరోజు నేర్పిన పాఠంలో ఒక్క ముక్క తప్పిపోలేదు. ఉడత చేతిలోని తడి దుప్పటి నేల మీద పడింది.

ఆ తర్వాత అమ్మ నోట ఇక 'ఉడతా' అన్న మాట రాలేదు. పిలిస్తే ఆ పేరే, ఆ గొంతే. పిలిచినప్పుడల్లా ఉడత పరుగెత్తుకెళ్ళి, "ఎవరిని పిలిచావమ్మా? నేనెవరో చెప్పు," అనేది. అమ్మ ఆమె మొహంలోకి చూసి చూసి, కళ్ళు పక్కకు తిప్పుకునేది.

"పిలిస్తే ముందు పలకవే," అనేవాడు నాన్న. "పరీక్షలు తర్వాత."

ఉడత పలకలేదు. గుర్తుపట్టాక పలుకుదామనుకుంది. ఒక పొద్దున్న అమ్మ లేవలేదు. ఇంట్లో ఫోటోలు మిగిలాయి, కంప్యూటర్ నిండా అమ్మ గొంతు మిగిలింది. ప్రపంచంలో ఉన్నవాళ్ళందరినీ పిలిచిన గొంతు అది. వెతికి వెతికి చూస్తే అందులో కూతురి పిలుపు ఒక్కటీ లేదు.

ఇదీ ఆ తలుపుల వెనకున్న సంగతి. ఇంటర్వ్యూకి వెళ్తే, పొడుగాటి వరండాలో కుర్చీ వేసి కూర్చోబెడతారు. ఎవరూ ఉండరు. ట్యూబ్‌లైటు సన్నగా జుమ్మంటుంటుంది. మూసిన తలుపు అవతల నుంచి అమ్మ ఎవరినో పిలుస్తుంది. కాస్త ఆగి మళ్ళీ పిలుస్తుంది. ఆ పిలిపించుకునేవాడు పలకడు, పలకకూడదని వాడికి ముందే చెప్పి ఉంటారు. అలా పిలుపు మీద పిలుపు వింటూ కూర్చున్నాక, లోపలికి పిలిచి, మీ పరిశోధన ఆసక్తులేమిటి అని అడిగితే మనిషి ఏం చెబుతుంది? "ఆఁ?" అంటుంది. ఒకచోట ముగ్గురు పెద్దమనుషుల ముందు నాలుగుసార్లు "ఆఁ?" అని వచ్చింది. పోనీ అసలు సంగతి చెబుదామా అంటే, పోస్టు అడగడానికొచ్చిన మనిషి చచ్చిపోయిన అమ్మ గొంతు వినబడుతోందంటే పోస్టిస్తారా, మందులిస్తారా?

ఇంతలో ఆమె పనిచేసే ప్రాజెక్టు కాలం ముగింపుకొచ్చింది. ఆ తర్వాత కడగడానికి తలలు కూడా ఉండవు. వయసు ముప్పై దాటి చాలాకాలమైంది. ఇంకో ఏడాది పోతే ఈ రంగంలో ఎవరూ తన దరఖాస్తు తెరిచి కూడా చూడరని ఆమెకు తెలుసు. అప్పుడు కనపడింది ఒక ప్రకటన. తెర మీది గీతలను నమ్మక అన్నీ కాగితం మీదే చూస్తుందని పేరుపడ్డ ఒక పెద్దావిడ, ప్రొఫెసరు, ఒక్క పీహెచ్‌డీ విద్యార్థిని తీసుకుంటుందట. దింపుడు కళ్ళం ఆశతో ఉడత రాసింది. ఆశ్చర్యం, రమ్మన్నారు.

ఆ ల్యాబులో ఒక పద్ధతి ఉంది. చేరాలనుకునేవాళ్ళు ఇంటర్వ్యూ కంటే ముందు టోపీ పెట్టుకుని కూర్చోవాలి. "మన తల ఇవ్వకుండా ఇంకొకరి తల అడక్కూడదు," అంటుంది ప్రొఫెసరు. సొంతవాళ్ళ గొంతులో పేరు రికార్డు చేసి ముందే పంపమన్నారు. నాన్న ఫోను నోటి దగ్గర పెట్టుకుని, బస్టాపు పేరు అరిచినట్టు ఆమె బడిపేరు అరిచాడు. మళ్ళీ చెప్పమంటే మళ్ళీ అలాగే అరిచాడు.

పరాయి గొంతు ఎవరిదై ఉంటుందో ఉడతకు తెలుసు. ఈసారి గుండె రాయి చేసుకునే వెళ్ళింది.

అక్కడి సీనియర్ విద్యార్థిని ఆమెకు టోపీ పెట్టింది. జెల్ చల్లగా మాడు మీద పాకింది. ఇన్నేళ్ళుగా ఎందరి నెత్తినో పెట్టిన చల్లదనం తన నెత్తిన ఇలా ఉంటుందని ఉడత మరిచేపోయింది. తర్వాత సీనియరు ఆమెను నురగ పలకల గదిలో కూర్చోబెట్టి, ఎదుటి తెర మీద ఒక ప్లస్ గుర్తు చూపించి, "దాన్నే చూస్తూ ఉండండి. ఎవరు పిలిచినా పలకొద్దు," అని తలుపు వేసింది. ఆ గదుల్లో తలుపు పడ్డాక మన చెవుల్లో మన నెత్తురు పారే చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

నాన్న గొంతు బస్టాపు అరిచింది. ఉడతకు నవ్వొచ్చింది. కాసేపటికి అమ్మ గొంతు వచ్చింది. బడిపేరు, చదునుగా. ఉడత ప్లస్ గుర్తు మీంచి చూపు తిప్పలేదు. ఇది నేను కాదు, ఇంకెవరో అమ్మాయి, అనుకుంది. పిలుపు ముగిసింది. అలవాటు ప్రకారం ఆమె చెవులు నిశ్శబ్దం కోసం చూశాయి.

"ఉడతా."

ఊపిరి కంటే సన్నగా. ఎక్కడి నుంచో కాదు, రెండు చెవుల మధ్య నుంచి.

భ్రమ, అనుకుంది. చేతివేళ్ళు కుర్చీ చేతులను బిగించి పట్టుకున్నాయి. అమ్మ గొంతు ఎవరో కుర్రాడి పేరు పిలిచింది. ఆగింది. ఆ ఖాళీలో మళ్ళీ, "ఉడతా." ఎవరో ముసలాయన పేరు. "ఉడతా." పేరు పేరుకూ. పరాయివాళ్ళను పిలిచినంతసేపు ఆ గొంతులో ఎవరూ లేరు. పిలవడం అయ్యాక ఎవరో ఉన్నారు. అద్దానికి అవతల కదిలిన పెదాలు ఉడతకు అప్పుడు గుర్తొచ్చాయి.

తలుపు తెరుచుకుంది. టోపీ కూడా తీయనివ్వకుండా ప్రొఫెసరు ఆమెను తన గదికి పిలిచింది. గీతలన్నీ కాగితాల మీద అచ్చువేసి బల్ల నిండా పరిచి ఉన్నాయి. ఆవిడ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, వేలితో చూపించింది.

"ఇది మీ నాన్న. గుట్ట లేచింది, బాగానే ఉంది. ఇది పరాయి గొంతు. చిన్న గుట్ట, అదీ మామూలే. ఇప్పుడిది చూడు. పేరు అయిపోయింది, ఇక్కడ ఏమీ లేదు, ఖాళీ. నీ మెదడు ఇక్కడ లేచింది. ప్రతిసారీ. మీ నాన్న పిలిచినప్పటికంటే ఎత్తుగా." ఆవిడ గొంతులో ఉద్వేగం దాగలేదు. "ఇన్నేళ్ళుగా ఈ గొంతు వాడుతున్నాను. ఈ ఖాళీలో ఎవరి మెదడూ లేవలేదు. పిలవని పిలుపుకి మెదడు ఎందుకు పలుకుతుంది? అమ్మాయ్, ఇదే నీ పీహెచ్‌డీ. పోస్టు నీకే ఇస్తున్నాను, ఏమంటావ్?"

ఇన్నేళ్ళు చెప్పులరిగేలా తిరిగిన మనిషికి ఒకరు పిలిచి పీట వేశారు. సరే మేడమ్ అంటే చాలు. ఆ గొంతు ఎవరిదో ఈ గదిలో ఎవరికీ తెలియదు, ఎప్పటికీ తెలియదు కూడా. ఉడత నోరు తెరిచింది. సరే అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. దాని మీద పరిశోధన అంటే అమ్మను ఇంకో పదేళ్ళు పరాయిదని రాయడం.

"ఇది చెల్లదు మేడమ్," అంది. "ఆ గొంతు మా అమ్మది."

మొత్తం చెప్పింది. పాఠం చెప్పడం, పెదాలు కదలడం, జబ్బు, వరండాలు, ఇప్పుడు ఖాళీల్లో విన్న మాట. ప్రొఫెసరు మధ్యలో ఒక్కటే అడిగింది. "పేరు అవగానే కత్తిరించాం అన్నావు. మరి తోకలెక్కడివి?" అడిగి, తనే జవాబు చెప్పుకుంది. "నేనే. కత్తిరించినవి నమ్మను. మీ పాత ల్యాబు నుంచి అసలు రికార్డింగు తెప్పించుకున్నాను."

సీనియరు ఒక తోకను పెద్ద స్పీకర్లో పెట్టింది. హుఁ, అని ఒక ఊపిరి. మళ్ళీ పెట్టింది. "ఊపిరేనండీ," అంది ఇబ్బందిగా. ప్రొఫెసరు కళ్ళు మూసుకుని మూడోసారి వింది. "నాకూ ఊపిరే." ఉడతకు మాత్రం స్పష్టంగా ఉడతా అనే వినబడింది. ఇద్దరూ తన వైపు చూస్తున్న చూపు ఆమెకు తెలిసిన చూపే. నేనెవరు అని అడిగినప్పుడు అమ్మ వైపు తను చూసిన చూపు అది. అమ్మ జబ్బు తనకూ మొదలైందేమోనన్న భయం ఆమెను మొదటిసారి పట్టుకుంది. పోస్టు సంగతి దేవుడెరుగు, ఈ తల తన మాట వింటోందా లేదా అన్నదే ఇప్పుడు ప్రశ్న.

ప్రొఫెసరు జాలి పడలేదు, మందులు చెప్పలేదు. ఈ మనుషులకు అనుమానమొస్తే తీర్చుకునే దారి ఒకటే ఉంది. "బయట కూర్చో," అంది.

వరండాలో ఉడత చాలాసేపు కూర్చుంది. లోపల వాళ్ళు అమ్మ తోకలను, ఇంకెవరో ఆడమనిషి ఊపిర్లను కలగాపులగం చేశారు. తర్వాత ఆమెను మళ్ళీ నురగ గదిలో కూర్చోబెట్టి రెండు బటన్లు ఇచ్చారు. మీ అమ్మ పిలిచింది అనిపిస్తే ఇది, కాకపోతే అది. ఒక్కో శబ్దానికీ ముందు తెర మీద చిన్న చుక్క వెలుగుతుంది. అంతే, ఇంకేమీ చెప్పలేదు.

ఊపిరి. కాదు. ఊపిరి. కాదు. "ఉడతా." అవును. ఆమె ఆలోచించలేదు, వేలు తనంత తానే కదిలింది. ఒక దశలో చుక్క వెలిగి ఏమీ రాలేదు, కాదు నొక్కింది. ఇంకోసారి అలాగే. తర్వాత ఒక చుక్క వెలిగింది. ఈసారి పిలుపు ఎంత దగ్గరగా వచ్చిందంటే, ఉడత తల తిప్పి చూసింది. గోడ, నురగ పలకలు. సన్నగా కాదు, ఊపిరిలా కాదు. చివర సాగదీసి, మెత్తగా, వంటింట్లోంచి వరండాలోకి పిలిచినట్టు, "ఉడతా…" ఆమె అవును నొక్కింది. నొక్కిన వేలు చాలాసేపు బటన్ మీదే ఉండిపోయింది.

సీనియరు ఫలితాల కాగితం తెచ్చింది.

"మీ అమ్మగారివి అన్నీ పట్టుకున్నారు. ఇంకొకావిడ ఊపిరికి ఒక్కదానికీ అవుననలేదు." కాగితం తిప్పింది. "మేడమ్ మధ్యలో కొన్ని ఖాళీలు పెట్టించారు. వాటిల్లో ఏమీ లేదు, ఊపిరి కూడా లేదు. ఒకదానికి అవునన్నారు."

"చివర్లోది," అంది ఉడత.

"అవును."

"అన్నిటికంటే అదే బాగా వినపడింది."

ప్రొఫెసరు ఆ ఖాళీని తనే ఒకసారి పెట్టుకుని వింది. హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి, వాటి వంక కాసేపు చూసింది.

"నువ్వు మీ అమ్మ ఊపిరి గుర్తుపట్టావు. ఈ పరీక్ష చెప్పేది అంతే," అంది చివరికి. "ఆవిడ ఏమందో నాకు తెలీదు. ఆ ఖాళీ సంగతి నేను అసలు చెప్పలేను. కాగితంలో దాన్ని ఏమని రాయాలి?"

"తప్పు అని రాయండి."

ప్రొఫెసరు పెన్ను ఆమెకే ఇచ్చింది. ఉడత ఆ గడిలో తప్పు అని రాసింది.

"తన ఫలితం తనే చెల్లదని నా ముందు ఇంతవరకూ ఎవరూ అనలేదు, అందులోనూ పోస్టు చేతికొచ్చాక. సోమవారం వచ్చి చేరు," అంది ప్రొఫెసరు. "ఒకటి మాత్రం ఉంది. ఆ గొంతు ఇక పరాయి గొంతుగా పనికిరాదు. వాడుతున్న ల్యాబులన్నిటికీ రాసి ఆపించాలి. నీ మొదటి పని అదే."

ఉడతకు కావలసింది దొరికింది. ఇకమీదట ఏ వరండాలో కూర్చున్నా ఏ తలుపు వెనక నుంచీ అమ్మ ఎవరినీ పిలవదు. రెండూ ఆమెకు ఒకేసారి అర్థమయ్యాయి. తలూపి లేచింది.

వాష్‌బేసిన్ దగ్గర సీనియరు టోపీ తీసి, నీళ్ళ వేడి చూసి, "ఉండండి, టవల్ తెస్తాను," అని వెళ్ళింది. ఉడత ఆగలేదు. తనే తల వంచి కుళాయి కింద పెట్టింది. గోరువెచ్చని నీళ్ళు మాడు మీంచి చెవుల మీదుగా జారాయి. కళ్ళు మూసుకుంది. చెవుల వెనక రెండోసారి రుద్దుకుంటుంటే, నీళ్ళ హోరులో, చాలా దగ్గరగా, సాగదీసి, మెత్తగా పిలుపు వచ్చింది.

ఎవరిని పిలిచావని ఆమె అడగలేదు. నేనెవరో చెప్పమనలేదు. కుళాయి కట్టి వినాలని కూడా అనుకోలేదు.

"ఆఁ, అమ్మా," అని పలికింది.